ఆరిపోయిన సీరియల్ సెట్టులోంచి మంచి ఎల్‌ఈడీలు తీసి వాడుకోవడం ఎలా

నెల్లూరులో వినాయక నిమజ్జనం అయిన మర్నాడు, రొట్టెల పండుగ ముగిసి స్వర్ణాల చెరువు దగ్గర అంగళ్ళు ఎత్తేసే రోజున, మళ్ళీ క్రిస్మస్ నక్షత్రాలు దించే జనవరి మొదటి వారంలో, వీధి మలుపుల్లో సీరియల్ సెట్లు చిక్కుపడి ముద్దలు ముద్దలుగా పడి ఉంటాయి. ప్లగ్గు పెడితే వెలగలేదన్న ఒక్క కారణంతో వాటిని పారేస్తారు. కానీ ఆ సెట్టులోని దీపాలు ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా కలిపి ఉంటాయి కాబట్టి, వాటిలో ఒక్కటి తెగినా, ఒక్క అతుకు ఊడినా, ఎలుక ఒక్కచోట తీగ కొరికినా ఆ వరుస మొత్తం ఆరిపోతుంది, మిగతా దీపాలు నిక్షేపంగా ఉన్నా వాటికి కరెంటు చేరదు. మా వీధి చివర షామియానా, లైటింగు సప్లయి చేసే ఆయన, "అన్నా, దీన్ని వెతికి అతికే టైములో నేను రెండు పందిళ్ళు కట్టుకుంటా, నువ్వు తీసుకుపో" అని పోయిన ఏడాది ఒక వంద దీపాల సెట్టు నా చేతిలో పెట్టాడు. దాన్ని విప్పి ఒక్కొక్కటే పరీక్షిస్తే పూర్తిగా పోయినవి 4, మసకగా వెలిగేవి 7 తేలాయి. మిగిలిన 89 దీపాలు ఆరోగ్యంగా ఉన్నాయి.

కొత్త ఎల్‌ఈడీ ఖరీదైన వస్తువేమీ కాదు, వందల లెక్కన కొంటే ఒక్కొక్కటి ఒకటి రెండు రూపాయలకే దొరుకుతుంది. అందుచేత డబ్బు మిగులుతుందని మాత్రమే ఈ పనికి దిగితే ఒక సాయంత్రం పెట్టిన కష్టానికి ఫలితం చాలలేదనిపించవచ్చు. అయితే ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ దుకాణం లేని చోట సైన్సు ప్రాజెక్టు కట్టుకునే బడిపిల్లలకు, ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు మీద పని నేర్చుకునే డిప్లొమా విద్యార్థులకు, కాలిపోతే బాధపడనక్కరలేని దీపాలు వంద చేతిలో ఉండటం పెద్ద సౌకర్యం. ఒక్కో దీపాన్నీ కొలిచి వేరుచేయడంలో వోల్టేజీ, కరెంటు అన్న మాటలకు అర్థం చేతికి తెలిసివస్తుంది, నాకు ఈ పని మీద ఇష్టం కలిగింది ముఖ్యంగా అందుకే.

ఏ సెట్టు తీసుకోవాలి

మన బజార్లలో తిరిగేవి స్థూలంగా మూడు రకాలు. మొదటిది నేరుగా 230 వోల్టుల ప్లగ్గుకు పెట్టేది, తీగ వెంబడి 3 లేదా 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు ప్లాస్టిక్ తొడుగుల్లో వరుసగా ఉంటాయి, కొన్నింటికి వెలుగు ఆడే తీరు మార్చే చిన్న డబ్బా కూడా ఉంటుంది. మన పనికి ఇదే అన్నిటికంటే మంచిది. రెండోది వెంట్రుకలాంటి రాగి తీగ మీద ఆవగింజంత దీపాలుండి, యూఎస్‌బీ తోనో మూడు పెన్సిల్ సెల్స్‌తోనో నడిచేది. వాటిలో దీపాన్ని విడిగా తీయబోతే తీగ తెగడమే తప్ప పట్టుకోవడానికి కాళ్ళంటూ ఉండవు కాబట్టి, బాగున్న ముక్కను ముక్కగానే వాడుకోవడం మేలు. మూడోది పాతకాలపు రైస్ బల్బుల సెట్టు. దానిలో ఉన్నవి ఫిలమెంటు బల్బులు, ఎల్‌ఈడీలు కావు. అనుమానం వస్తే బల్బును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి: గాజు బుడ్డిలో సన్నటి వెంట్రుక కనిపిస్తే అది ఫిలమెంటు. గట్టి ప్లాస్టిక్ గుబ్బ లోపల ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ అయిన రెండు లోహపు రేకులు ఎదురెదురుగా కనిపిస్తే అది ఎల్‌ఈడీ.

సెట్టు దీపాలలో చాలావాటికి నెత్తి గుండ్రంగా కాకుండా చదునుగానో లోపలికి గుంటగానో ఉంటుంది. మామూలు ఎల్‌ఈడీ వెలుగు టార్చిలైటులా ముందుకు మాత్రమే పోతే, దీని వెలుగు పక్కలకు కూడా చిమ్ముతుంది. దూరానికి కొట్టే దీపం కావాలంటే ఇది పనికిరాదు, కానీ కాగితపు గూట్లోనో నక్షత్రంలోనో పెట్టడానికి కొత్త ఎల్‌ఈడీకంటే ఇదే బాగుంటుంది.

ప్లగ్గు కోసిన తరువాతే మిగతా పని

ఒక్కో ఎల్‌ఈడీ తీసుకునేది రెండు మూడు వోల్టులే కదా అని చాలామంది ఈ సెట్లను తేలిగ్గా చూస్తారు. ఆ దీపం రెండు కాళ్ళ మధ్య తేడా మాత్రమే మూడు వోల్టులు. ఆ కాళ్ళకూ మీరు నిలబడిన నేలకూ మధ్య 230 వోల్టుల దాకా ఉండవచ్చు, ప్రతి క్షణం ఎగసిపడే ఆ కరెంటు శిఖరం వద్ద సుమారు 325 వోల్టులను తాకుతుంది. డబ్బా ఉన్న సెట్టయినా సరే, అందులో సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కనుక తీగ పొడవునా ఎక్కడ తాకినా ఇంటి లైనును తాకినట్టే. అందువల్ల ఏ దీపం పోయిందో చూద్దామని ఒక్కసారి కూడా ప్లగ్గు పెట్టి తొడుగులు విప్పవద్దు. సెట్టు ఇంటికి తెచ్చిన వెంటనే చేయవలసిన మొదటి పని ప్లగ్గును తీగతో సహా కత్తిరించి అవతల పెట్టడం. అలా చేస్తే ఇంట్లో మరొకరు తెలియక దాన్ని సాకెట్‌లో పెట్టే అవకాశమే ఉండదు.

డబ్బాలోనో ప్లగ్గు దగ్గరి ఉబ్బులోనో కెపాసిటర్ ఉంటే, అది కరెంటు తీసిన తరువాత కూడా కొంతసేపు ఛార్జిని పట్టుకుని ఉంటుంది. కాబట్టి ప్లగ్గు తీసి కొన్ని నిమిషాలు ఆగి, డబ్బా తెరిచాక 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను (కరెంటును అడ్డుకుని తగ్గించే చిన్న భాగం, ఆ అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు) ప్లాస్టిక్ పిడి ఉన్న నోస్ ప్లేయర్‌తో పట్టుకుని కెపాసిటర్ రెండు కాళ్ళకూ కొన్ని సెకన్లు ఆనించి, ఆపైన వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌తో చూసి సున్నా అని నిర్ధారించుకోవాలి. ఇది చేతకాదనుకున్నవారు డబ్బాను తెరవకుండా వదిలేయవచ్చు, మనకు కావలసిన దీపాలు దానిలో లేవు.

ఇంకొక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. సగం దీపాలు తీసుకుని, మిగిలిన సగాన్ని మళ్ళీ ముడివేసి ప్లగ్గుకు పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 50 ఎరుపు దీపాల వరుస తనంతట తాను దాదాపు 100 వోల్టులు పంచుకుంటుంది, మిగతాది రెసిస్టర్ మోస్తుంది. దీపాలను 25కు తగ్గిస్తే ఆ భారమంతా రెసిస్టర్ మీద పడి, కరెంటు పెరిగి, రెసిస్టర్ తొడుగును కరిగించేంత వేడెక్కవచ్చు. ఒకసారి కోసిన సెట్టు ఇక ఎప్పటికీ 230 వోల్టులకు పోకూడదు.

కోసే పద్ధతి

కావలసిన పనిముట్లు తక్కువే: కటింగ్ ప్లేయర్, సన్నమూతి నోస్ ప్లేయర్, పాత బ్లేడు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఉప్పు కాగితం, పసుపురంగు చవక మల్టీమీటర్, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, సీఆర్2032 బిళ్ళ సెల్ ఒకటి, కొన్ని రెసిస్టర్లు.

దీపం కాళ్ళకు తీగను అతికి పైన సన్నటి గొట్టం తొడిగిన సెట్టయితే, అతుకును విప్పే ప్రయత్నం చేయవద్దు. దీపానికి రెండు వైపులా నాలుగైదు సెంటీమీటర్ల తీగ వదిలి కోస్తే, ఆ తీగే మీకు పొడుగు కాళ్ళుగా పనికొస్తుంది. మొదట్లో నేను ప్రతి దీపాన్నీ తీగ నుంచి వేడిచేసి ఊడదీసేవాడిని. ఒక్కో దీపం రెండుసార్లు వేడికి గురి కావడం, కాళ్ళు మరీ పొట్టిగా మిగలడం తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు. దీపం మీదున్న పువ్వో బంతో చేత్తో లాగితే వచ్చేస్తుంది, రాకపోతే వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడి జారుతుంది, ఆ తరువాత దీపాన్ని బాగా ఆరబెట్టాలి.

కొన్ని సెట్లలో దీపం ఒక ప్లాస్టిక్ దిమ్మెలో కూర్చుని, దాని రెండు కాళ్ళు దిమ్మె అడుగున చెరొక వైపుకు మడిచి ఉంటాయి. దిమ్మెను తొడుగులోంచి లాగి, మడిచిన కాళ్ళను నోస్ ప్లేయర్ కొసతో నిటారుగా చేసి, దీపాన్ని పైకి నెట్టాలి. ఇక్కడ తొందర పనికిరాదు. ఈ కాళ్ళు చాలావరకు రాగివి కావు, పైపూత ఉన్న ఇనుపవి, చిన్న అయస్కాంతం దగ్గర పెడితే దీపం చటుక్కున అతుక్కోవడం చూడవచ్చు. రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే అవి మొదలంటా విరుగుతాయి. కాబట్టి దీపం గుబ్బ దగ్గర కాలి మొదలును ప్లేయర్‌తో బిగించి పట్టుకుని, దాని కిందిభాగాన్ని మాత్రమే వేలితో ఒకేసారి చక్కగా చేయాలి. అప్పుడు వంపు బలం గుబ్బలోని అతుకు వరకు పోదు.

కోసుకుంటూ పోతుండగా తీగలో ఒకచోట దీపం లేకుండా ఉబ్బిన గొట్టం తగులుతుంది. అందులో ఉండేది రెసిస్టర్. దాన్ని కూడా కోసి కొలిచి దాచుకోవచ్చు.

కాళ్ళు గుర్తించి, కొలిచి, వేరుచేయడం

ఈ పనిలో అసలు విలువంతా ఇక్కడే ఉంది, దీనికి ఎంత సమయం పట్టినా తగ్గించుకోవద్దని నా అభిప్రాయం. కొత్త ఎల్‌ఈడీకి పొడుగు కాలు పాజిటివ్ అని అందరికీ తెలుసు. మనం తీసినవాటికి ఆ గుర్తు మిగలదు. గుబ్బ అంచున ఒకవైపు గోటికి తగిలే చదును ఉంటే ఆ వైపుది నెగటివ్. లోపలి రేకుల్లో పెద్దది నెగటివ్ అన్నది చాలావాటికి సరిపోతుంది గానీ, తిరగబడి ఉన్న దీపాలు కూడా ఉన్నాయి కనుక దాన్ని నమ్ముకోవద్దు. నమ్మదగినది పరీక్ష ఒక్కటే.

మొదటి పరీక్షకు బిళ్ళ సెల్ చాలు. దీపం కాళ్ళ మధ్య సీఆర్2032ను ఇరికించి పట్టుకుంటే, వెలిగినప్పుడు సెల్ ప్లస్ ముఖాన్ని తాకిన కాలే పాజిటివ్. వెలగకపోతే తిప్పి పట్టండి. ఎల్‌ఈడీని తిరగేసి కలిపినప్పుడు భరించే వోల్టేజీ సాధారణంగా 5 వోల్టులే, ఈ సెల్ ఇచ్చేది 3 వోల్టులు కాబట్టి ఎటు పెట్టినా ప్రమాదం లేదు, సెల్ లోపలి నిరోధమే కరెంటును అదుపులో ఉంచుతుంది. తెలుపు, నీలం దీపాలు దీనితో కాస్త మందంగానే వెలుగుతాయి, అంతమాత్రాన అవి పోయాయనుకోవద్దు. పాజిటివ్ కాలికి ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుంటే తరువాత ప్రతిసారీ వెతుక్కునే పని తప్పుతుంది.

రెండో పరీక్షకు 9 వోల్టుల బ్యాటరీ క్లిప్పు ఎర్ర తీగకు 1 కిలో ఓమ్ రెసిస్టర్, అంటే గోధుమ, నలుపు, ఎరుపు చారలున్నది, అతికి, రెండు కొసలకు మొసలి క్లిప్పులు పెట్టుకోవాలి. రెసిస్టర్ ఉన్న కొసను చుక్క పెట్టిన కాలికి, రెండోదాన్ని మిగిలిన కాలికి పెడితే దీపం వెలుగుతుంది. ఎర్రదీపంలో సుమారు 7, తెల్లదీపంలో సుమారు 6 మిల్లీ ఆంపియర్లు పారతాయి, ఈ చిన్న దీపాలు మామూలుగా తట్టుకునే 20 మిల్లీ ఆంపియర్లకు ఇది చాలా తక్కువ. పొరపాటున క్లిప్పులు ఒకదానికొకటి తగిలినా 9 మిల్లీ ఆంపియర్లకు మించి పారదు కాబట్టి పిల్లల చేతికి కూడా నిశ్చింతగా ఇవ్వవచ్చు. దీపం వెలుగుతుండగా మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద ఉంచి, దీపం రెండు కాళ్ళ మీద కొసలు ఆనించండి. మీటరు మీద కనిపించే అంకె ఆ దీపపు సొంత వోల్టేజీ. దాన్ని రాసుకోవాలి.

ఎరుపు, పసుపు, నారింజ దీపాలు 1.8 నుంచి 2.1 వరకు చూపుతాయి. తెలుపు, నీలం, గులాబీ, నిండు ఆకుపచ్చ దీపాలు 2.7 నుంచి 3.2 మధ్య చూపుతాయి. ఆకుపచ్చలోనే పసుపు చాయ కలిసిన పాతరకం ఒకటి 2 వోల్టుల దగ్గరే ఆగుతుంది. రంగును బట్టి వోల్టేజీ మారడం యాదృచ్ఛికం కాదు. నీలి కాంతికి ఎర్రకాంతికంటే శక్తి ఎక్కువ, ఆ శక్తిని ఇవ్వడానికి లోపలి పదార్థానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపించగా, ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ కోసం మరో మూడు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది, దానికి గాను అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. మన చేతిలోని తెల్లదీపం ఆ నీలి దీపమే, దాని మీద వేసిన పసుపు పొడి పూత నీలాన్ని తెలుపుగా మారుస్తుంది. ఎల్‌ఈడీ ఆరి ఉన్నప్పుడు గుబ్బలో పసుపు చుక్క కనిపిస్తే అది తెల్లదీపమని వెలిగించకుండానే చెప్పవచ్చు.

కొలిచేటప్పుడు కొన్ని వింత దీపాలు తగులుతాయి. వెలిగించగానే తనంతట తానే రంగులు మార్చుకునేదానిలో చిన్న ఐసీ, అంటే ఆ మార్పును నడిపే చిప్పు, ఉంటుంది, దాన్ని ఇతర దీపాలతో వరుసలో కలపవద్దు, విడిగా వాడుకోవచ్చు. ఎటు తిప్పి పెట్టినా వెలిగేదానిలో రెండు దీపాలు ఎదురెదురుగా ఉన్నట్టు లెక్క. వెలగకుండా మీటరు మీద 9 వోల్టుల దాకా చూపిస్తే లోపల తెగిపోయినట్టు, సున్నా చూపిస్తే లోపల కలిసిపోయినట్టు. తోటివాటికంటే మసకగా ఉన్నవాటిని పారేయకుండా వేరుగా ఉంచండి, పవర్ ఉందని తెలిపే చిన్న గుర్తు దీపానికి ఆ మసక వెలుగే కంటికి హాయిగా ఉంటుంది.

నేను ఒక్కో రంగునూ ఒక్కో అగ్గిపెట్టెలో వేసి, పెట్టె మీద "ఎరుపు, 1.9, పందిరి సెట్టు" అన్నట్టుగా రంగు, వోల్టేజీ, ఎక్కడి సెట్టో రాస్తాను. ఎక్కడిదో రాయడం వల్ల ఏ సెట్టు దీపాలు ఎక్కువకాలం నిలిచాయో రెండేళ్ళ తరువాత తెలుస్తుంది.

సముద్రపు గాలి తగిలిన సెట్లు

మా బావగారిది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. ఆయన ఇంటి ముంగిట ఒక వర్షాకాలమంతా వేలాడిన సెట్టును విప్పినప్పుడు, తొడుగుల్లోంచి నీళ్ళు కారాయి, ఇనుప కాళ్ళు ఎర్రగా తుప్పుపట్టి కొన్ని చేత్తో తాకగానే రాలిపోయాయి, రాగి తీగ కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్ళ సెట్లన్నింటికీ కొద్దోగొప్పో ఇదే స్థితి. గుబ్బ లోపలికి తుప్పు పాకనంతవరకు దీపం బతికే ఉంటుంది. బయట మిగిలిన కాలు నాలుగైదు మిల్లీమీటర్లు ఉన్నా సరే, ఉప్పు కాగితంతో మెరుపు వచ్చేదాకా గీకి, సోల్డర్ అంటుకోవడానికి కొంచెం ఫ్లక్స్ పేస్టు రాసి, ముందుగా సోల్డర్ పూత పట్టించాలి. మెరుపు రాకుండా సోల్డర్ పెడితే అది నీటిబొట్టులా గుండ్రంగా ఉండి జారిపోతుంది. పూత పట్టిన కాలికి, రెసిస్టర్లు అతికినప్పుడు మిగిలే కత్తిరింపు కాళ్ళను అతికితే బ్రెడ్‌బోర్డులో (సోల్డర్ లేకుండా భాగాలను గుచ్చి కలిపే చిల్లుల పలకలో) గుచ్చడానికి వీలైన గట్టి కాలు వస్తుంది.

ఇంత పొట్టి కాళ్ళకు సోల్డర్ చేసేటప్పుడు వేడి నేరుగా గుబ్బలోకి పోతుంది. ఐరన్‌కూ గుబ్బకూ మధ్య కాలిని నోస్ ప్లేయర్‌తో పట్టుకుంటే వేడిని ప్లేయర్ పీల్చుకుంటుంది. మూడు సెకన్లలో అతుకు పడకపోతే ఐరన్ తీసేసి, చల్లారనిచ్చి, మళ్ళీ ప్రయత్నించాలి. ఫ్లక్స్ కాలి పొగ వస్తుంది కనుక కిటికీ దగ్గర కూర్చోవడం, సోల్డర్‌లో సాధారణంగా సీసం ఉంటుంది కనుక పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

రెసిస్టర్ లెక్క

సరఫరా వోల్టేజీలోంచి దీపం వోల్టేజీ తీసివేసి, వచ్చినదాన్ని కావలసిన కరెంటుతో భాగిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. ఇంతకుముందే కొంత పనిచేసి వచ్చిన దీపాలు కాబట్టి వీటిని 20 మిల్లీ ఆంపియర్ల దాకా తోలకుండా 10 దగ్గరే ఆపితే వెలుగు చాలినంత ఉంటుంది, ఆయుష్షు పెరుగుతుంది. 5 వోల్టుల ఆర్డ్యునోకు 2 వోల్టుల ఎర్రదీపమంటే మిగిలేది 3 వోల్టులు, 0.010తో భాగిస్తే 300 ఓమ్‌లు, దుకాణంలో దొరికే దగ్గరి విలువ 330. తెల్లదీపానికి 5లోంచి 3.1 పోగా 1.9, అంటే 190 ఓమ్‌లు, దగ్గరిది 220. లెక్కలో వచ్చినదానికంటే పై విలువనే తీసుకోవాలి. ఈ కరెంట్లకు పావు వాట్ రెసిస్టర్ చాలు.

12 వోల్టుల బ్యాటరీకైతే తెల్లదీపాలు మూడింటిని వరుసగా కలిపి ఒకే రెసిస్టర్ పెట్టవచ్చు. 9.3 పోగా 2.7 వోల్టులే మిగులుతాయి కనుక 270 ఓమ్‌లు సరిపోతాయని కాగితం మీద తేలుతుంది. కానీ ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు 14.4 వోల్టుల దాకా పోతుంది, అప్పుడు అదే 270 ఓమ్‌లతో కరెంటు 19 మిల్లీ ఆంపియర్లకు చేరుతుంది. 470 ఓమ్‌లు పెడితే 12 వోల్టుల వద్ద సుమారు 6, 14.4 వద్ద సుమారు 11 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. తుపాను రోజుల్లో రాత్రంతా కరెంటు లేనప్పుడు వసారాలో వెలిగే చిన్న దీపానికి ఈ వెలుగు చాలు, బ్యాటరీకి బరువు అనిపించదు.

ప్రతి వరుసకూ దాని సొంత రెసిస్టర్ ఉండాలన్న నియమాన్ని మాత్రం ఎప్పుడూ సడలించవద్దు. మా మేనకోడలు బడి ప్రాజెక్టు కోసం రెండు ఎర్రదీపాలు, రెండు తెల్లదీపాలు పక్కపక్కనే కలిపి, నాలుగింటికీ ఒకే రెసిస్టర్ పెట్టింది. ఎర్రవి వెలిగాయి, తెల్లవి వెలగలేదు. "మామయ్యా, నువ్విచ్చిన తెల్లవి రెండూ పోయినవే" అని వాటిని పక్కన పడేసింది. మీటరు పెట్టి చూపించాను: కలిపిన చోట 1.9 వోల్టులే ఉంది. ఎర్రదీపాలు వోల్టేజీని 1.9 దగ్గరే పట్టి ఉంచుతుండగా, 2.7 అయినా లేకుండా తెల్లదీపం కళ్ళు తెరవదు. ఎర్రవాటిని తీసేయగానే తెల్లవి రెండూ వెలిగాయి. ఒకే రంగు దీపాలైనా వేర్వేరు సెట్ల నుంచి వచ్చినప్పుడు వాటి వోల్టేజీలలో 0.1, 0.2 తేడా ఉంటుంది, ఆ కాస్త తేడాకే ఒకటి ఎక్కువ కరెంటు లాక్కుని మిగతావి మసకబారతాయి.

బొమ్మల కొలువుకు ఐదు వోల్టుల వరుస

చేసి చూడటానికి సంక్రాంతి బొమ్మల కొలువు దీపాలు మంచి మొదలు. అవి పిల్లల చేతికి అందే ఎత్తులో, బట్ట పరచిన మెట్ల మీద ఉంటాయి కనుక అక్కడ 230 వోల్టుల సెట్టు కంటే 5 వోల్టుల వరుస ఎంతో క్షేమం. ఐదు మెట్లకు మెట్టుకు నాలుగు చొప్పున 20 దీపాలు అనుకుందాం. ఒక్కోదానికి 9 మిల్లీ ఆంపియర్ల చొప్పున మొత్తం 180, పాత ఫోను ఛార్జర్ 1 ఆంపియర్‌ది అయినా సునాయాసంగా మోస్తుంది. పవర్ బ్యాంకుతో నడపాలంటే ముందుగా పరీక్షించుకోండి, ఇంత తక్కువ కరెంటు తీసుకుంటే కొన్ని పవర్ బ్యాంకులు ఫోను లేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి.

పాడైన యూఎస్‌బీ కేబుల్ ఫోను వైపు కొసను కోసి, ఎరుపు, నలుపు తీగలను బయటికి తీసి, మిగతా రెండింటినీ వేర్వేరుగా టేపు చుట్టి మూసేయాలి. చవక కేబుళ్ళలో రంగులు తారుమారు కావచ్చు కనుక ఛార్జర్‌కు పెట్టి మీటరుతో ఏది ప్లస్సో చూసిన తరువాతే ముందుకు వెళ్ళాలి. ఆ తరువాత ఛార్జర్‌ను తీసేసి, సెట్టులోంచి కోసిన తీగలనే రెండు పొడుగు దారులుగా మెట్ల వెనుక వేసి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అనుకుని, వాటి మధ్య నిచ్చెన మెట్లలా ఒక్కో దీపాన్నీ దాని రెసిస్టర్‌తో అతుకుతూ పోవాలి. రెసిస్టర్ ఎర్రచుక్క కాలికి అతికినా రెండో కాలికి అతికినా తేడా లేదు, అన్నింటికీ ఒకే వైపు ఉంటే తప్పు పడ్డప్పుడు వెతకడం సులువు. ప్రతి మెట్టు పూర్తయ్యాక 9 వోల్టుల పరీక్ష క్లిప్పులను దారుల కొసకు పెట్టి చూస్తే, మందంగానైనా ఆ మెట్టు దీపాలు వెలుగుతాయి. ఒకే దారిలో ఎరుపు, తెలుపు కలిసి ఉంటే ఈ పరీక్షలో తెల్లవి వెలగకపోవచ్చు, ఛార్జర్ పెట్టినప్పుడు వెలుగుతాయి. ప్రతి అతుకు మీదా గొట్టం ముక్క తొడగాలి, అది లేకపోతే టేపు చుట్టాలి.

ఈ వరుసలో ఒక దీపం పోయినా మిగతా 19 వెలుగుతూనే ఉంటాయి. పోయినదాన్ని తీసి అగ్గిపెట్టెలోంచి అదే అంకె ఉన్న మరొకటి అతికితే సరిపోతుంది.

మిగిలిన చెత్త

డబ్బాను క్షేమంగా ఖాళీ చేసినవారికి అందులో 1ఎన్4007 డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి), చిన్న థైరిస్టర్లు (వెలుగును ఆడించే స్విచ్చుల్లాంటివి) దొరకవచ్చు, డయోడ్లు ఎక్కడైనా అక్కరకొస్తాయి. తీగలో రాగి ఉందేమోనని కాల్చవద్దు. చాలా సెట్లలో ఉన్నది రాగిపూత మాత్రమే, పైనున్న పీవీసీ కాలితే గొంతునూ కళ్ళనూ మండించే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. పోయిన దీపాలు, తీగ ముక్కలు, డబ్బా పలకలు ఒక సంచిలో పోగుచేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. మొదట కోసి పక్కన పెట్టిన ప్లగ్గుకు తీగ తోక ఇంకా ఉంటుంది, దాన్ని ప్లగ్గు మొదలు దాకా కోసి గానీ ఆ సంచిలో వేయవద్దు. తోకతో ఉన్న ప్లగ్గును ఎవరైనా సాకెట్‌లో పెడితే తీగ కొసల్లో 230 వోల్టులు బయటే ఉంటాయి.